లిస్బన్‌లో లేఆఫ్ అంటే ఉద్యోగం తీసేయడం కాదు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం దగ్గర చిన్న ఊరు. హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీ హెచ్‌ఆర్ సపోర్ట్ టీమ్‌లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. బ్రెజిల్, పోర్చుగల్ ఆఫీసుల పేపర్లు మా టీమే చూస్తుంది. ఏడాదిపాటు ఆన్‌లైన్‌లో పోర్చుగీసు నేర్చుకున్నాను కాబట్టి ఆ భాషలో ఏం కావాలన్నా అందరూ నా దగ్గరికే వస్తారు. పోయిన నెల కంపెనీ లిస్బన్‌లో 11 మందిని, సావో పాలోలో 40 మందిని తీసేయాలని నిర్ణయించింది. ఇంగ్లీషు నోటును పోర్చుగీసులో రాసిమ్మన్నారు. ‘లేఆఫ్’ అన్న మాట అక్కడి పేపర్లలోనూ కనిపిస్తుంది కదా అని అలాగే ఉంచేశాను. లిస్బన్ ఆఫీసు వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు అందరికీ పంపేశారు. మర్నాడు అక్కడ అకౌంట్స్‌లో చేసే ఒకావిడ ‘మమ్మల్ని మళ్లీ ఏ నెలలో రమ్మంటారు? మూడింట రెండు వంతుల జీతం ఎప్పటి నుంచి మొదలవుతుంది?’ అని మెయిల్ పెట్టింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అదే వారం సావో పాలో నుంచి ‘పెదీదో దె దెమిసావ్’ అని ఒకతని ఫైల్ వస్తే, కంపెనీ తీసేసినట్టు ఎంట్రీ వేశాను. తీరా చూస్తే అతనే మానేశాడట. ఇంకా 40 మంది ఫైళ్లు రావాలి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ మాటలన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఇలాంటి వార్త ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఎలా రాయాలి?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: లిస్బన్ ఆవిడ తప్పుగా చదవలేదమ్మా. వాళ్ల దేశంలో లేఆఫ్ అంటే ఏమిటో ఆ అర్థంతోనే చదువుకుంది. పోర్చుగల్ కార్మిక చట్టం ప్రకారం లేఆఫ్ అంటే, కంపెనీ ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ఉద్యోగిని కొంతకాలం ఇంట్లో ఉండమనడం, లేదా పని గంటలు తగ్గించడం. ఉద్యోగం పోదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతంలో మూడింట రెండు వంతులు వస్తుంది. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ సామాజిక భద్రతా విభాగమే భరిస్తుంది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వం ‘లేఆఫ్ సింప్లిఫికాదో’ అని పేరుపెట్టి ఆ పద్ధతిని సులువు చేసింది. లక్షల మంది దాని కింద ఇంట్లో కూర్చుని, పరిస్థితి చక్కబడ్డాక మళ్లీ డ్యూటీకి వెళ్లారు. కాబట్టి మీ ఉత్తరంలో ఆ మాట చూడగానే ‘ఎప్పుడు రమ్మంటారు’ అని ఆవిడ అడగడం న్యాయమే. పోయిన ఉద్యోగం పోలేదన్న ఆశ ఆ ఉత్తరం వల్ల కలిగింది. అందుకే దీన్ని చిన్న అనువాద పొరపాటు కింద వదిలేయడానికి వీల్లేదు. ఏం చేయాలో చివర్లో చెబుతాను. ముందు మాటల సంగతి చూద్దాం, ఎందుకంటే ఇంకా 40 ఫైళ్లు మీ మీదకు రాబోతున్నాయి.

అసలు మన దేశంలోనూ లేఆఫ్‌కు పాత అర్థం అదే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే బొగ్గు లేకో, కరెంటు లేకో, ముడిసరుకు అందకో యజమాని కొన్నాళ్లు పని చూపించలేకపోవడం. కార్మికుడి పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది, సగం జీతం పరిహారంగా వస్తుంది. పూర్తిగా తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అన్నారు. జూట్ మిల్లుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసిన పెద్దవాళ్లను అడగండి, ‘మిల్లు లేఆఫ్ ఇచ్చారు’ అంటే మళ్లీ సైరన్ మోగుతుందని వాళ్లు ఎదురుచూసేవాళ్లు. అమెరికాలోనూ మొదట్లో ఫ్యాక్టరీకి ఆర్డర్లు లేని సీజన్‌లో కూలీలను ఇళ్లకు పంపడాన్నే అలా అనేవారు. పోనుపోను అక్కడ ఆ మాట శాశ్వతంగా తీసేయడానికి స్థిరపడింది. ఆ అర్థమే అమెరికా కంపెనీల మెయిళ్లతో పాటు మన ఐటీ ఆఫీసుల్లోకి దిగింది. మీ వయసు వాళ్లకు అదొక్కటే తెలుసు. తాత్కాలికంగా ఇంటికి పంపడానికి అమెరికా వాళ్లు ఇప్పుడు వాడే మాట ఫర్లో. 2020లో బ్రిటన్ ప్రభుత్వం 80 శాతం జీతం ఇచ్చి ఉద్యోగాలు నిలబెట్టిన పథకాన్ని కూడా జనం ఫర్లో అనే పిలిచారు. లిస్బన్‌లో లేఆఫ్ అంటే ఇంగ్లీషులో ఫర్లో అని రాసుకోండి, మీకు గుర్తుంటుంది.

బ్రెజిల్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి కార్మిక చట్టాలన్నిటినీ కలిపిన సీఎల్‌టీ అనే సంపుటి 1943 నాటిది. దాని ప్రకారం లేఆఫ్ అంటే 2 నుంచి 5 నెలలు కాంట్రాక్టును ఆపి, ఆ సమయంలో ఉద్యోగికి శిక్షణ ఇప్పించడం. కార్ల ఫ్యాక్టరీల యూనియన్ వాళ్లకు ఆ మాట ఆ అర్థంలోనే తెలుసు. సావో పాలో స్టార్టప్‌లలో చేసే కుర్రాళ్లు మాత్రం అమెరికా అర్థంలో వాడేస్తున్నారు. ఒకే ఊళ్లో, ఒకే మాటకు రెండర్థాలు. అందుకని పోర్చుగీసు ఉత్తరంలో లేఆఫ్ అన్న మాట అసలు పెట్టకండి. నిజంగా తాత్కాలికమే అయితే తప్ప.

ఇక మీ రెండో పొరపాటు. ఇలాంటిది నేనూ చేశాను, అదీ తలకిందులుగా. నేను గోవాలో పోర్చుగీసు నేర్చుకున్నాను. మా టీచర్‌గారు చెప్పిందంతా లిస్బన్ భాష. లిస్బన్ వార్తల్లో ‘మంత్రి దెమిసావ్’ అంటే మంత్రి రాజీనామా. ‘దెమితిర్ సె’ అంటే తనంతట తాను తప్పుకోవడం. ఆ అలవాటుతోనే ఒక కంపెనీకి బ్రెజిల్ ఫైళ్లు ఇంగ్లీషులో రాసిచ్చే పనికి ఒప్పుకున్నాను. ఒక డ్రైవర్ ఫైల్‌లో కారణం అన్న గడిలో ‘దెమిసావ్’ అని ఒకే మాట ఉంది. నేను రాజీనామా అని రాశాను. బ్రెజిల్‌లో ఉత్త దెమిసావ్ అంటే మామూలుగా కంపెనీ తీసేయడమే. నేను రాసింది చూసి పైవాళ్లు ఆయనకు రావలసిన డబ్బు కోసేశారు. అది సరిచేయించడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు ఆయన ఇల్లు ఎలా గడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి ఆ మాట ఒంటరిగా కనబడితే కలం ముందుకు కదలదు నాకు.

మీరూ ఆ మాటను ఒంటరిగా నమ్మకండి. దాని ముందూ వెనకా ఏముందో చూడండి. ముందు ‘పెదీదో దె’ అని ఉంటే, అడిగింది ఉద్యోగి. పెదీదో అంటే విన్నపం, కోరిక. వెనక ‘సెం జుస్తా కౌజా’ అని ఉంటే కంపెనీ తీసేసింది, ఉద్యోగి తప్పేమీ లేదు. ‘పోర్ జుస్తా కౌజా’ అని ఉంటే తప్పు చేశాడని తీసేసింది. ఉచ్చారణ దగ్గర మనకు ఒక సుఖం ఉంది: పోర్చుగీసు త, ద లు మన త, ద లే, ఇంగ్లీషు ట, డ లు కావు. చివరి ‘సావ్’ను కాస్త ముక్కుతో అనండి, చాలు. కాకపోతే సావో పాలో వాళ్లు ‘తి’ని ‘చి’ అంటారు, ‘దెమితిర్’ వాళ్ల నోట ‘దెమిచీర్’ అవుతుంది. ఫోన్‌లో విన్నప్పుడు వేరే మాట అనుకోకండి.

‘జుస్తా కౌజా’ అంటే సరైన కారణం. ‘సెం’ అంటే లేకుండా, ‘పోర్’ అంటే వల్ల. అంతే తేడా. ఆ ఒక్క మాట దగ్గర ఎంత డబ్బు ఉందో మీకు లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు ఈ పదాలను కంఠస్థం చేయాల్సిన పని ఉండదు, వాటంతట అవే గుర్తుంటాయి.

సావో పాలోలో నెలకు 5,000 రియాలు జీతంతో సరిగ్గా ఐదేళ్లు చేసిన మనిషిని తీసుకుందాం. బ్రెజిల్‌లో ఎఫ్‌జీటీఎస్ అని ఒక నిధి ఉంది, 1966లో పెట్టారు. మన పీఎఫ్ లాంటిదే అనుకోండి, కాకపోతే ఉద్యోగి జీతంలోంచి పైసా కోయరు. యజమానే నెలనెలా జీతంలో 8 శాతం ఉద్యోగి పేరున జమ చేయాలి. అంటే నెలకు 400, అరవై నెలలకు 24,000 రియాలు. వడ్డీ, 13వ నెల జీతం (ఏడాదికి అదనంగా ఇచ్చే ఒక నెల జీతం) మీద వచ్చేది లెక్క సులువు కోసం వదిలేద్దాం. కంపెనీ ‘సెం జుస్తా కౌజా’ తీసేస్తే సాధారణంగా ఆ 24,000 అతను తీసుకోవచ్చు. దాని మీద కంపెనీ 40 శాతం జరిమానా కట్టాలి, అది 9,600. నోటీసు కాలాన్ని అక్కడ ‘అవీజో ప్రేవియో’ అంటారు. 30 రోజులు, ఆపై పనిచేసిన ఏడాదికి 3 రోజుల చొప్పున, మొత్తం 90 రోజులకు మించకుండా. ఈ మనిషికి 45 రోజులు. పనిచేయించుకోకుండా ఆ రోజులకు డబ్బే ఇస్తే 7,500. ఇదంతా కాక నిరుద్యోగ భృతి, అంటే ‘సెగూరో దెజెంప్రేగో’, 3 నుంచి 5 నెలల వాయిదాలు వస్తుంది.

అదే మనిషి ఫైల్‌లో ‘పెదీదో దె దెమిసావ్’ అని ఉంటే ఆ 24,000 నిధిలోనే ఉండిపోతుంది. 9,600 రాదు, 7,500 రాదు, భృతి రాదు. 13వ నెల జీతంలో అప్పటిదాకా అయిన వాటా, సెలవుల డబ్బు మాత్రం వస్తాయి. ‘పోర్ జుస్తా కౌజా’ అయితే 13వ నెల వాటా కూడా పోతుంది. 2017 సంస్కరణలో మధ్యేమార్గం ఒకటి వచ్చింది, ఇద్దరూ మాట్లాడుకుని విడిపోవడం. అప్పుడు జరిమానా 40కి బదులు 20 శాతం, నిధిలో 80 శాతం తీసుకోవచ్చు, నోటీసు డబ్బు సగం, భృతి మాత్రం లేదు. ఫైల్‌లో ‘అకోర్దో’ అన్న మాట కనబడితే ఇదన్నమాట.

చూశారా, మీరు కంప్యూటర్‌లో ఎంచుకునే ఆ ఒక్క గడి 41,000 రియాల పైమాట. మీరు పొరపాటుగా ఎంట్రీ వేసినతను తనే మానేశాడు కాబట్టి ఈసారి నష్టం కంపెనీ వైపు పడింది, సరిదిద్దుకోవచ్చు. ఈ రోజే చెప్పండి. బ్రెజిల్‌లో లెక్కంతా తేల్చి ఇవ్వడానికి కంపెనీకి కాంట్రాక్టు ముగిసిన నాటి నుంచి 10 రోజులే గడువు. తప్పు ఎంట్రీతో డబ్బు వెళ్లిపోయాక అతన్ని వెనక్కి అడగాల్సి వస్తే, ఆ బాధ అతను పడతాడు.

తర్వాత మీ 40 మంది సంగతి. ఇంతమందిని ఒకేసారి తీసేయడాన్ని బ్రెజిల్‌లో ‘దెమిసావ్ ఎం మాసా’ అంటారు. సామూహికం అనడానికి ఇంతమంది అని అక్కడి చట్టం లెక్క చెప్పలేదు. కానీ 2009లో ఎంబ్రాయర్ విమానాల కంపెనీ 4,000 మందికి పైగా ఉద్యోగులను తీసేసినప్పుడు మొదలైన కేసు చివరికి సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2022లో ఆ కోర్టు, సామూహికంగా తీసేసే ముందు యూనియన్‌ను పిలిచి మాట్లాడటం తప్పనిసరి అని తేల్చింది. యూనియన్ ఒప్పుకోవాలని లేదు, పిలవడం మాత్రం తప్పదు. కాబట్టి ఉద్యోగులకు ఉత్తరం పంపే ముందు, యూనియన్‌తో మాట్లాడారా అని మీ మేనేజర్‌ను అడగండి. అది మీ పరిధి కాదని ఎవరైనా అంటే, తేదీ వేయాల్సింది నేనే కాబట్టి అడుగుతున్నానని చెప్పండి.

లిస్బన్‌లో అయితే లెక్కే ఉంది. మూడు నెలల్లో, 50 మంది లోపున్న కంపెనీ ఇద్దరిని తీసేసినా, 50 లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న కంపెనీ ఐదుగురిని తీసేసినా, అది ‘దెస్పెదిమెంతో కొలెతీవో’. మీ 11 మంది ఏ రకంగా చూసినా ఇందులోకే వస్తారు. మీ ఉత్తరంలో ఉండాల్సిన మాట ఇది. పోర్చుగల్‌లో కంపెనీ తీసేయడానికి మామూలు మాట దెస్పెదిమెంతో, దెమిసావ్ కాదు. వాళ్ల రాజ్యాంగం 53వ అధికరణంలోనే సరైన కారణం లేకుండా తీసేయకూడదని రాసి ఉంది. అందుకే అక్కడ ముందు ‘ఈ ఉద్దేశంతో ఉన్నాం’ అని కారణాలతో ఉద్యోగుల ప్రతినిధులకు రాతపూర్వకంగా తెలపాలి. ప్రతినిధులు లేకపోతే ఒక్కొక్కరికీ తెలపాలి, వాళ్లు 5 పనిదినాల్లో తమ తరఫున ఒక కమిటీని పెట్టుకోవచ్చు. మాట్లాడుకోవడాలు అయ్యాకే అసలు నిర్ణయం, ఆపైన నోటీసు. ఏడాది లోపు సర్వీసుకు 15 రోజులు, పదేళ్లు దాటినవాళ్లకు 75 రోజులు. మీ నోటులో ‘నిర్ణయించాం’ అని ఉండి, ఈ మెట్లేవీ జరగకపోయి ఉంటే, మాట మార్చినంత మాత్రాన సరిపోదు. అక్కడి లాయర్ చూడాలి.

ఒక్క మనిషి విషయంలో అయితే లిస్బన్‌లో ‘ఎస్తింసావ్ దో పోస్తో దె త్రబాల్యో’ అంటారు. ఇంత పొడుగు మాట చూసి భయపడకండి. మన గవర్నమెంటు ఆఫీసుల్లో ‘ఆ పోస్టు ఎత్తేశారు’ అంటాం చూడండి, అచ్చంగా అదే. బ్రిటన్ వాళ్ల రిడండెన్సీ కూడా దీనికి దగ్గరే, అక్కర్లేకుండా పోయింది పోస్టు, మనిషి కాదు అని దాని భావం. కానీ ఇంగ్లీషులో వాళ్లు మనిషినే రిడండెంట్ అంటారు, ఇరవై ఏళ్లు చేసిన మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి. పోర్చుగీసులోకి రాసేటప్పుడు ఆ మాటను మనిషికి తగిలించకండి. నిఘంటువు చూసి ‘రెదుందాంతె’ అని రాస్తే అది భాషలో పునరుక్తి అనే అర్థం ఇస్తుంది, ఉద్యోగంతో సంబంధమే ఉండదు.

ఇంకొక ఉచ్చు ‘రెఫోర్మా’. లిస్బన్‌లో ‘రెఫోర్మా’ అంటే రిటైర్మెంట్, పింఛను. బ్రెజిల్‌లో అదే మాటకు సంస్కరణ, లేదా ఇంటికి రిపేర్లు. బ్రెజిల్ వాళ్ల రిటైర్మెంట్ ‘అపొజెంతదొరియా’. ముందుగా రిటైర్ చేయించే స్కీమ్ వివరాలు రెండు ఆఫీసులకూ ఒకే కాగితంలో పంపితే, సావో పాలోలో ఎవరో ఆఫీసు గోడలకు రంగులు వేయిస్తున్నారనుకుంటారు. మన వీఆర్‌ఎస్ లాంటిదాన్ని బ్రెజిల్‌లో పీడీవీ అంటారు. అక్షరం దగ్గర కూడా చూసుకోండి, ‘దిస్పెంసా’ అంటే ఉద్యోగంలోంచి తప్పించడం, ‘దెస్పెంసా’ అంటే ఇంట్లో సరుకులు పెట్టుకునే గది. స్పెల్‌చెక్ రెండింటినీ ఒప్పుకుంటుంది.

మెత్తగా చెప్పడానికి కంపెనీలు వాడే మాటలు రెండు భాషల్లోనూ బోలెడు. డౌన్‌సైజింగ్ అన్నది 1970లలో అమెరికా కార్ల కంపెనీలు కార్ల సైజు తగ్గించడానికి వాడిన మాట, తర్వాత మనుషుల మీదకు తెచ్చారు. అది కూడా చేదుగా వినిపించేసరికి రైట్‌సైజింగ్ అన్నారు. బ్రెజిల్‌లో ‘ఎన్షుగమెంతో’ అంటారు. కడిగిన గిన్నెలను గుడ్డతో తడి లేకుండా తుడుస్తాం చూడండి, ఆ తుడవడమే ‘ఎన్షుగార్’. సిబ్బందిని తుడిచి ఆరబెట్టారన్నమాట. ‘దెస్లిగమెంతో’ అనేది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, దెస్లిగార్ అంటే స్విచ్ ఆపడం, లింకు తెంచడం. ఉద్యోగిని రెండు దేశాల్లోనూ ‘కొలబొరదోర్’ అంటారు, సహకారం అందించే మనిషి అని. చట్టాలు మాత్రం బ్రెజిల్‌లో ‘ఎంప్రెగాదో’, పోర్చుగల్‌లో ‘త్రబల్యదోర్’ అనే అంటాయి.

వీటిలో దెస్లిగమెంతో వాడటం తప్పు కాదు, బ్రెజిల్ హెచ్‌ఆర్ వాళ్లు రోజూ వాడేదే. కానీ అది ఒంటరిగా ఉంటే ఎవరు ఎవర్ని వదులుకున్నారో చెప్పదు. పక్కనే ‘సెం జుస్తా కౌజా’ ఉండి తీరాలి. మెత్తదనం కోసం మీరు ఆ మూడు మాటలు తీసేస్తే, భృతి కోసం వెళ్లిన మనిషి అక్కడ చూపించడానికి ఏమీ ఉండదు. మన పత్రికల్లో ‘ఉద్యోగులకు ఉద్వాసన’ అని హెడ్డింగ్ పెడతారు కదా. చవితి పూజ అయ్యాక వినాయకుడికి చెప్పే ఉద్వాసన అది, గౌరవంగా సాగనంపడం. ఆ మాటలో ఉన్న గౌరవం కవరు చేతికిచ్చే పద్ధతిలో ఉంటే బాగుండును అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఫోన్‌లో మాత్రం మనుషులు ఈ ఆఫీసు మాటలేవీ అనరు. బ్రెజిల్ వాళ్లు ‘ఫుయ్ మందాదో ఎంబోరా’ అంటారు, ‘నన్ను పంపించేశారండీ’ అని మనం అన్నట్టే. కోపం వస్తే ‘ఓల్యో ద రువా’, వీధిలో పడేశారు అని. పత్రికాఫీసుల్లో ఒకేసారి పదిమందిని తీసేస్తే ‘పసరాల్యో’ వచ్చిందంటారు, అది పక్షి పేరును ఒక బూతుమాటతో కలిపి పుట్టించిన మాట, మీరు రాతలో ఎక్కడా వాడకండి. కానీ విన్నప్పుడు తెలియాలి. ‘మందాదో ఎంబోరా’ అని ఏడుస్తున్న మనిషిని ‘దెమిసావా, పెదీదోనా’ అని అడగకుండా ఉండటానికి ఇది తెలిసి ఉండాలి.

నొచ్చుకోకుండా ఎలా రాయాలని అడిగారు. నొప్పి లేకుండా రాయడం కుదరదమ్మా. గౌరవంగా రాయవచ్చు. లిస్బన్ ఉత్తరంలో ‘వొసే’ అని రాయకండి. బ్రెజిల్‌లో అది మామూలు మాటే, పోర్చుగల్‌లో చాలామందికి అది ‘ఏమయ్యా’ అన్నట్టు వినిపిస్తుంది. పెద్దావిడను ‘సెన్యోరా దోనా’ అని పేరుతో కలిపి రాయండి, మనం ‘గారు’ అన్నట్టు. టీమ్‌ను బ్రెజిల్‌లో ‘ఎకీపె’ అంటారు, లిస్బన్‌లో ‘ఎకీపా’. ఒక్క అక్షరమే, కానీ ఉద్యోగం పోయిన ఉత్తరం వేరే దేశపు యాసలో వస్తే, మా గురించి ఇంతమాత్రం కూడా పట్టించుకోలేదా అనిపిస్తుంది. ఒకే ఉత్తరం రెండు దేశాలకూ పనికొస్తుందని ఎవరన్నా ఒప్పుకోకండి, రెండు రాయండి. మొదటి రెండు లైన్లలోనే ఉద్యోగం ముగుస్తుందని, ఏ తేదీతో అని చెప్పేయండి. కారణం ఆ తర్వాత. ఆపైన ఏ డబ్బు ఏ రోజు వస్తుంది, ఏ కాగితం ఎవరిస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి. కృతజ్ఞతలు చివర్లో. కంపెనీ చరిత్ర, మార్కెట్ పరిస్థితి అంటూ ఒక పేజీ చదివించి అడుగున తేదీ పెట్టే ఉత్తరాలు నేను చాలా చూశాను. చదివే మనిషి గుండె ఆ పేజీ అంతా దడదడలాడుతూనే ఉంటుంది.

ఇక లిస్బన్ ఉత్తరం. దాన్ని మీరు దాచిపెట్టకండి, ఒక్కరే సరిచేయాలనీ చూడకండి. మీ మేనేజర్‌కు, లిస్బన్ హెచ్‌ఆర్ వాళ్లకు కలిపి ఒక మెయిల్ రాయండి. ఇంగ్లీషులో లేఆఫ్ అని ఉన్నదాన్ని అలాగే ఉంచాను, పోర్చుగల్ చట్టంలో దానికి తాత్కాలికం అన్న అర్థం ఉంది, ఉద్యోగులు అలాగే అర్థం చేసుకున్నారు, ఇదిగో ఒకావిడ అడిగిన ప్రశ్న, అని నాలుగు లైన్లు. అక్కడి లాయర్‌కు చూపించి, పాత ఉత్తరం చెల్లదని రాతపూర్వకంగా చెప్పమనండి. మాట మీరు రాశారు నిజమే, కానీ ఒక్క పోర్చుగీసు మనిషి కూడా చూడకుండా దాన్ని 11 మందికి పంపింది ఆఫీసు. ఇకముందు ఏ ఉత్తరమైనా ఆ దేశపు మనిషి ఒకరు చదివాకే వెళ్లాలని అదే మెయిల్‌లో అడగండి. ఇలాంటప్పుడు అడిగితేనే ఒప్పుకుంటారు.

ఉద్యోగం ముగిసినప్పుడు ఆ 11 మందికీ ఆర్‌పీ 5044 అనే ఫారం ఇస్తారు. అందులో ఉద్యోగం ఎందుకు పోయిందో గడిలో టిక్ పెట్టాలి. పోర్చుగల్‌లో నిరుద్యోగ భృతికి దాన్ని పట్టుకుని 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఫారాలు మీ టీమ్ మీదుగా వెళితే ఆ గడి మీరే రెండుసార్లు చూడండి.

అకౌంట్స్ ఆవిడ రెండు ప్రశ్నలు సూటిగా అడిగింది. వాటికి జవాబు మీ పేరుతో వద్దు, లిస్బన్ ఆఫీసులో ఆవిడకు తెలిసిన మనిషి ఎవరైనా ఫోన్ చేసి చెప్పాలి. లాయర్ చూసి ఇచ్చిన మాటలతో, ఈ రోజే. ఇది తాత్కాలిక లేఆఫ్ కాదని, మూడింట రెండు వంతుల జీతం పద్ధతి దీనికి వర్తించదని, ఆమెకున్న హక్కులేమిటో, తర్వాతి మెట్టు ఏ తేదీనో. హైదరాబాద్‌లో మధ్యాహ్నం అయ్యేసరికి లిస్బన్‌లో ఆఫీసు తెరుస్తారు. ఆలోగా మీ మెయిల్ వాళ్ల దగ్గర ఉండేట్టు చూడండి.